నీ చొక్కాల గుండీలు

బావా, పాపని చేతుల థెరపీకి తీసుకెళ్తున్నాను. అన్నం కుక్కర్లో ఉంది.

నువ్వు డ్యూటీకి వేసుకునే చొక్కాలన్నిటికీ మెడ దాకా గుండీలు పెట్టేశాను. నీ బండి గ్లవ్స్ తొడుక్కుని ఆ గుండీలు విప్పుకో. పాప వేళ్లకి గుండీ పట్టుకోవడం అంత కష్టమట, థెరపిస్టు చెప్పింది. నిన్న అది తన గౌను గుండీతో తంటాలు పడుతుంటే "టైమైపోతోంది, దీనికి ఒళ్లు బద్ధకం" అని చెయ్యి తోసేసి నువ్వే పెట్టేశావుగా! ఎంత ఏడ్చిందో. ఇవాళ నీకూ టైమైపోవాలి, నీ తిక్క కుదరాలి. దొంగాట ఆడకు, అత్తయ్యని కాపలా పెట్టాను.

అన్నట్టు, నీలం చొక్కా జోలికి మాత్రం వెళ్లకు. దాని పైగుండీ పక్క కాజాలో ఉంది. పొద్దున్నే కూర్చుని పాప ఒక్కతే పెట్టింది, నాన్నకని.