మా చెల్లెలు మల్లేశ్వరి విషయమై

గుంటూరు జిల్లా బాపట్ల తాలూకా చీరాల కాపురస్థుడు, కీర్తిశేషులు బిట్రా చలమయ్య గారి కుమారుడు, మగ్గం పనివాడు, యాభై రెండేళ్ల ఆదెయ్య అనే నేను ఒకరి బలవంతం లేకుండా, తెలివి నిలకడగా ఉన్న స్థితిలో రాయిస్తున్న వీలునామా. ఊపిరితిత్తులు చెడ్డాయి గాని బుర్ర చెడలేదు. వానాకాలం చూడనని డాక్టరు చెప్పేశాడు. ఇంటి గొడవలు ఇందులో ఎందుకండీ అని దస్తావేజులు రాసే ఆయన విసుక్కుంటున్నాడు. చచ్చేది నేను. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

1. నా భార్య పోయింది, పిల్లలు కలగలేదు. మిగిలింది ఒక్క చెల్లెలు మల్లేశ్వరి. నలభై ఆరేళ్లది. ఐదో ఏట జ్వరం తగిలి బుద్ధి ఆ వయసు దగ్గరే ఆగిపోయింది. అన్నం కలిపి పెట్టాలి, తల దువ్వాలి, ఉరిమితే దగ్గర కూర్చోవాలి. మగ్గానికి నూలు కండెలు చుట్టడంలో మాత్రం మా పేటలో ఆమెకు సాటి లేరు. చెయ్యి పట్టుకుని ఆపితే గాని ఆపదు. నా పెంకుటిల్లు, వెనక దొడ్డి, మగ్గం ఆమె బతికినన్నాళ్లూ ఆమె అనుభవంలోనే ఉండాలి. అమ్మడానికి గాని, తాకట్టు పెట్టడానికి గాని ఎవరికీ హక్కు లేదు.

2. ఆమెను కూడా ఎవరికైనా రాయబోతే, మనిషిని రాయడానికి చట్టం ఒప్పుకోదన్నారు. ఆ సంగతి ముందే తెలిసినవాడిలాగా నేను మాఘమాసంలోనే, చెల్లెల్ని దగ్గర ఉంచుకునేవారి కోసం చుట్టాలను వెతుక్కుంటూ బయల్దేరాను. ఆరు రోజుల ప్రయాణం. బస్సులో జనాన్ని చూస్తే మల్లేశ్వరి అరుస్తుంది, అందుకని లారీ డ్రైవరు మొహిద్దీన్ బాషా తన లారీలో ఎక్కించుకున్నాడు.

ముందు సింగరాయకొండలో మా మేనమామ కొడుకు భావనారాయణ ఇంటికి వెళ్లాం. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తున్నాడు కదా, కావలించుకుంటాడేమో అనుకున్నాను. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. సంగతి చెప్పగానే, "చీకటి పడితే దారి బాగుండదు బావా" అన్నాడు. అప్పటికి మధ్యాహ్నం రెండు గంటలు. ఈ భావనారాయణకు నా ఆస్తిలో పూచికపుల్ల కూడా చెందదు.

పర్చూరులో మా పెత్తల్లి కొడుకు రోశయ్యన్న ఇల్లు తన పేర రాస్తే ఆలోచిస్తానన్నాడు. చెల్లెల్ని ఎక్కడ పడుకోబెడతావు అని అడిగాను. పొగాకు కొట్టు చూపించాడు. ఆ ఘాటుకు అది గుమ్మంలోనే కక్కుకుంది. ఈ రోశయ్యన్నకు మా నాన్న చేతికర్ర ఇస్తున్నాను. మా ఇద్దరినీ చిన్నప్పుడు ఆ కర్రతోనే కొట్టాడు. అన్నకు ఇంకో రెండు పడాల్సింది.

3. తుళ్లూరులో మా చిన్నతాత కోడలు మాణిక్యమ్మ పిన్ని. ఈవిడ మీద నాకు ఇరవై రెండేళ్ల కోపం. నా పెళ్లికి నా చేత్తో కార్డు రాసి నాలుగు మూలలా పసుపు రాసి పంపితే, ఆ ఇంటి నుంచి ఒక్క పురుగు రాలేదు. అందుకు పంతం పట్టి, మా నాన్న పోయినప్పుడు కూడా వాళ్లకు కబురు పంపలేదు.

గుమ్మంలో నన్ను చూసి పిన్ని గోడ పట్టుకుంది. "ఒరేయ్, మీ ఇంట్లో పోయింది నువ్వు కాదా?" అంది. అప్పుడు బయటపడింది. ఆ రోజుల్లో నేను నల్లనూలు అద్దకం వేస్తున్నాను. నా బొటనవేలి రంగు కార్డు మూలలకు అంటింది. పసుపు మీద నలుపు. పిన్నికి చదువు రాదు, బాబాయి ఊళ్లో లేడు. మూలలు నల్లగా ఉంటే చావు కబురే గదా, ఇంట్లో ఉంచకూడదని అప్పటికప్పుడు చింపేసింది. ఎవరు పోయారో తెలియకుండానే అందరూ తలస్నానం చేశారు, పది రోజులు మైల పట్టారు. పెద్దకర్మకు పిలుపు రాలేదని ఆవిడా మా ఇంటి మీద పళ్లు నూరుతూ, నా జాడ లేకపోయేసరికి పోయింది నేనే అనుకుంటూ కూర్చుంది. ఛీ, ఎంత పని చేశాను! చెయ్యి కడుక్కుని రాసి ఉంటే సరిపోయేది.

ఆ పూట పిన్ని ఏడుస్తూనే వంట చేసింది. మల్లేశ్వరికి తలంటి, తన కోడలి చీర కట్టి, ముద్దలు కలిపి పెట్టింది. పరాయివాళ్ల చేతి ముద్ద మా చెల్లెలు తినడం అదే మొదటిసారి. నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడు పొద్దున అడిగాను. "పోయారనుకుని ఏడవగలిగాను నాయనా. ఉన్నవాళ్లను మొయ్యాలంటే నాకు డెబ్బై దాటాయి, కోడలి పెత్తనం కింద నేనే తింటున్నాను" అంది. కోడలు లోపలే ఉంది. బయటికొచ్చి ఆ చీర విప్పించి తీసుకుంది.

పిన్ని మీద కోపం పోయింది. కోపం ఉన్నన్నాళ్లూ అక్కడ ఒక ఇల్లుందన్న ధైర్యమైనా ఉండేది. మగ్గం మీదున్న తెల్లచీర పూర్తిచేయించి ఆవిడకు ఇవ్వాలి. నా కబురు కార్డు మీద రాయొద్దు. మనిషి వెళ్లి నోటితో చెప్పాలి.

4. మొహిద్దీన్ బాషాకు నేను నేసిన గళ్ల దుప్పటి. గుంటూరు మిరపబస్తాల మీద దాన్నే పరిచి చెల్లెల్ని కూర్చోబెట్టాడు. దారంతా తుమ్ముతూ, తుమ్మినప్పుడల్లా నవ్వుతూ వచ్చింది. మేం ఎందుకు తిరుగుతున్నామో దానికేం తెలుసు! ఇప్పటికీ పొద్దున లేవగానే "లారీ" అంటుంది. బాషా ఏడాదికోసారి దాన్ని ఎక్కించుకుంటే సంతోషం. ఇది హక్కు కాదు, అడుగుతున్నాను.

5. ఈ వీలునామా అమలు బాధ్యత మా ఎదురింటి సంజీవరావు మాస్టారిది. ఇంటి పన్ను, కాగితాలు చూస్తానన్నారు. మనిషిని చూడటం తన వల్ల కాదని ముందే చెప్పారు, వారి భార్య మంచాన ఉంది. అబద్ధం చెప్పనందుకు వారికి నా నమస్కారం. కులం, మతం ఏదైనా సరే, మల్లేశ్వరికి రెండు పూటలా అన్నం పెట్టి కడదాకా కనిపెట్టుకున్న వారికి ఆమె తదనంతరం ఈ ఇల్లు సర్వహక్కులతో చెందుతుంది.

6. అలాంటివారు దొరకకపోతే ఏమిటని దస్తావేజు ఆయన అడుగుతున్నాడు. ఆ గడి ఖాళీగా వదలకూడదట. నాకు తోచడం లేదు. రోజూ దేవుణ్ణి ఒకటే అడుగుతున్నాను, నాకంటే ఒక్కరోజు ముందు దాన్ని తీసుకుపొమ్మని. తోడబుట్టినవాణ్ణి, ఈ మాట నేనే చెప్పి రాయిస్తున్నాను. అలా జరిగిన పక్షంలో పైన రాసిన షరతులన్నీ రద్దు. ఇల్లు ఎవరికి కావాలంటే వారు తీసుకోవచ్చు.

చదివి వినిపించగా విని, సరేనని చేసిన సంతకం.

చీరాల, 1961 ఏప్రిల్ 19

బిట్రా ఆదెయ్య

సాక్షులు:
జోసఫ్, కాంపౌండరు
మార్కు, చీరాల కాపురస్థుడు