ఒక్క సీటు బండి

మలికిపురం,
ఆదివారం మధ్యాహ్నం.

శ్రీవారికి పద్మశ్రీ నమస్కారాలు. ఇక్కడ నేనూ అత్తయ్యగారూ క్షేమం. మీ కారు కూడా క్షేమమే. మీరు ముందు ఆ వాక్యమే వెతుక్కుంటారు గనక ముందే రాసేస్తున్నాను. మస్కట్‌లో మీరు వేళకు తిని, వేళకు పడుకుంటున్నారని తలుస్తాను. తినడం వరకు నాకు అనుమానం లేదు. ఎందుకో కింద తెలుస్తుంది.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని విసుక్కోకండి. ఫోను చేస్తే మీరు స్పీకరు పెడతారు, మీ రూములో వాళ్ళందరూ వింటారు. మొన్న నేనొక ముఖ్యమైన మాట చెప్పబోతుంటే వెనకనుంచి ఎవరో “చెల్లెమ్మగారూ, ఆ ఆయిలు పైపు ఒక్కసారి చూపించండి” అన్నారు. చూపించాను. నా మాట నాలోనే ఉండిపోయింది. అందుకే సెలవు అయిపోయి తిరిగి అక్కడికి వస్తున్న మీ రూమ్మేటు జాయ్ చేతికి ఈ కవరు ఇస్తున్నాను. ఎవరూ లేనప్పుడు చదవండి.

మీరు జాయ్ చేత పంపిన సంచీ అందింది. రబ్బరు గొట్టం, గాస్కెట్లు, గాలి ఒత్తిడి చూపించే మీటరు, వాటి అడుగున మీ ఉత్తరం, దాని అడుగున నాకొక సెంటు సీసా. సీసా మూత ఊడిపోయి గాస్కెట్లన్నీ సెంటులో నానాయి. వాటిని బిగిస్తూ మన మెకానిక్ సత్తిబాబు “ఇంజను గుబాళించిపోతందండి అక్కగారూ” అని మురిసిపోయాడు. నాకని పంపింది కూడా చివరికి కారుకే పోయింది. నాకు ఎంత ఒళ్ళు మండిందో మీకు తెలియాలి.

ఇక మీ ప్రశ్నలు. మానిఫోల్డు మళ్ళీ పగిలిందా అని అడిగారు. పగిలింది. అతికించాం. మళ్ళీ పగిలింది. ఇంజను నుంచి టర్బోకు వేడి పొగ మోసుకెళ్ళే ఆ పైపుల గుత్తి పేరు వింటేనే నాకిప్పుడు తలనొప్పి వస్తోంది. సరిగ్గా అతుకు సగంలో ఉండగా కరెంటు పోతుంది. కరెంటు వచ్చేసరికి సత్తిబాబును ఎవరో పడవ ఇంజను ఆగిపోయిందని అంతర్వేది లాక్కుపోతారు. మీరు చెప్పిన మందం స్టీలు పైపు కోసం అమలాపురం వెళ్తే కొట్టు ఆయన “మేడమెట్ల రెయిలింగుకాండి?” అని అడిగాడు. అవునన్నాను. పొగతో ఫ్యాను తిప్పి, ఆ ఫ్యానుతో ఇంజనులోకి గాలి కుక్కించి, పాత ఎస్టీమ్ కారును పందెం కారు చేస్తున్నామని కొట్టులో నిలబడి ఎవరికి చెప్పను?

సత్తిబాబు ఫోను ఎందుకు ఎత్తడం లేదని మొన్న ఫోనులో అడిగారు. మీరు పొద్దున సన్న పైపంటారు, మధ్యాహ్నం లావు పైపంటారు, సాయంత్రానికి మీ అరబ్బు ఓనరు ఇంకోలా చెప్పాడంటారు. మనిషన్నవాడు ఎన్నిసార్లు ఎత్తుతాడు? దీనికి ఇంకో కారణం కూడా ఉంది. అదీ చివర్లో రాస్తాను.

కొబ్బరికాయల సంగతి మీరు అడగలేదు. అయినా రాస్తాను. షెడ్డులో మీ కారుంది గనక కిందటి దింపు కాయలన్నీ బయటే రాశి పోయించాను. వానలకు సగం మొలకలెత్తాయి. అంబాజీపేట నుంచి వచ్చిన షావుకారు చూసి “ఇవి కాయలాండి, మొక్కలాండి?” అన్నాడు. షెడ్డు అటక మీద కురిడీకి ఆరబెట్టిన కాయల సంగతి ఇంకా ఘోరం. సైలెన్సరు లేకుండా మొదటిసారి ఇంజను స్టార్టు చేసిన రోజు పైనున్న కాయలన్నీ గలగలమని దొర్లి కిందపడ్డాయి. ఒకటి బానెట్టు మీద పడి సొట్ట పెట్టింది. సొట్ట పడిందనగానే మీరు ఫోనులో అయ్యయ్యో అన్నారు. కాయ నా భుజానికి తగిలి పడిందని చెప్పేలోపు ఫోను పెట్టేశారు.

మీ ఉత్తరంలో ‘ఒంట్లో బాగుంటోందా’ అని కూడా ఉంది. రెండు స్పేరుపార్టుల పేర్ల మధ్య ఇరుక్కుని ఉంది. అడిగింది నన్నో ఇంజన్నో తేల్చుకోలేక నాలుగుసార్లు చదివాను. నాకైతే బాగానే ఉంది.

ఇక మిగిలింది సీటు సంగతి. అన్నిటికంటే ముందు మీరు అడిగింది అదే, నేను చివరికి నెట్టిందీ అదే.

సీటు, బండి బోల్తా పడినా మనిషి నలగకుండా దాని చుట్టూ ఇనప పైపుల పంజరం కట్టేటప్పుడు మీరు మీ కొలతలు ఫోనులో పంపారు. సత్తిబాబు వాటిని చూసి తలకాయ అడ్డంగా ఊపాడు. “మనిషి కూకోకుండా కొలతేటండి? పడవకైనా చుక్కాని పట్టేవోణ్ణి కూకోబెట్టే బల్ల కొడతావండి” అన్నాడు. మరి మీరు మస్కట్‌లో ఉన్నారాయె. “మీరు ఒక్క నిమిషం కూకోండక్కగారూ, ఊరికే ఆనవాలుకి. అయ్యగారొచ్చేక నాలుగంగుళాలు పెంచేద్దారి” అన్నాడు. కూర్చున్నాను. ఒక్క నిమిషం అన్నది రోజూ అయింది. పైపు వంచాలంటే రావాలి, స్టీరింగు బిగించాలంటే రావాలి, గేరు రాడ్డు కోయాలంటే చెయ్యి చాపాలి. పొయ్యి మీద పులుసు మాడుతున్నా వెళ్ళి కూర్చున్నాను, మిమ్మల్ని తిట్టుకుంటూ. నా కాలు అందేచోటికి పెడళ్ళు వచ్చాయి. నా తలకు జానెడు పైన పైపు వచ్చింది. తరవాత ఆ పైపుల అతుకులన్నీ వేసేశాడు.

జాయ్ వచ్చిన మర్నాడు, మీ ఒడ్డూ పొడుగూ కదా అని అతన్ని కూర్చోమన్నాం. “మాయిద్దరికీ ఒకటే చొక్కా సరిపోద్దండి. అక్కడ తిండికి ప్రసాద్ గారూ నేనూ బాగా ఒళ్ళు చేసేవండి” అంటూ దూరాడు. దూరడం వరకు దూరాడు. మోకాళ్ళు స్టీరింగుకు బిగుసుకున్నాయి, పొట్ట బెల్టు దగ్గర ఆగిపోయింది, తల పైపుకు తగిలి మెడ వంగిపోయింది. రావడం మాత్రం రాలేదు. సత్తిబాబు చంకల కింద పట్టుకుని, నేను స్టీరింగు విప్పి, అత్తయ్యగారు కొబ్బరినూనె పట్టుకొచ్చి, చివరికి లాగాం. మీకు చెప్పనని జాయ్ ఒట్టు పెట్టాడు. పాపం, అతన్ని అడిగి ఇబ్బంది పెట్టకండి.

అదండీ సంగతి. మీ కోసం కట్టిన కారులో మీరు పట్టరు.

ఇంతటితో ఆగితే బాగుండేది. కార్ల పోటీ వచ్చే నెలే గనక బండిని పరుగెత్తించి చూడాలన్నాడు సత్తిబాబు. ఎక్కడ? కాలవ పక్కన మెలికలు తిరగని రోడ్డు మన కోనసీమలో ఎక్కడుంది? పోటీలోలాగా తిన్నగా నాలుగు వందల మీటర్లు పోవాలంటే మధ్యలో ఒక వంతెన, ఒక గేదె, ఒక పెళ్ళిపందిరి. ఆఖరికి బంగారరాజు గారి రొయ్యల చెరువుల మధ్య మేత లారీల కోసం వేసిన సిమెంటు రోడ్డు దొరికింది. ఆయన చెరువుల వంక చూసి “రొయ్య బెదిరితే మేత ముట్టదండి. ఆయ్, మీరడిగేరు కాబట్టి ఒక్కసారికి కానివ్వండమ్మా” అన్నారు. సత్తిబాబు ఎక్కబోతే అతని కాళ్ళు పట్టలేదు. అక్కడున్న వాళ్ళలో ఆ సీటులో పట్టే మనిషిని నేనొక్కదాన్నే.

అంబాజీపేటకు కాయల వ్యాను తోలుకెళ్ళే చేతులే గనక తోలగలననుకున్నాను. పెళ్ళయిన కొత్తలో మీరు నేర్పిన డ్రైవింగే. ‘నీకు క్లచ్ వదలడం ఈ జన్మకి రాదు’ అని తిట్టి, నన్ను కాలవగట్టు మీద దింపేసి మీరు వెళ్ళిపోయిన రోజు కూడా గుర్తుకొచ్చింది. హెల్మెటు పెట్టుకుని, బెల్టులు బిగించుకుని, సత్తిబాబు తువ్వాలు కిందికి దించగానే ఆ క్లచ్చే వదిలాను.

వీపు సీటుకు అంటుకుపోయింది. టర్బో ఈల వేసింది. రెండో గేరు వేసేసరికి చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఎటు పోయాయో కనిపించలేదు. మూడో గేరులో నాకు నవ్వొచ్చింది. ఆ ఇనప పంజరంలో ఒక్కదాన్నే పగలబడి నవ్వానండీ. మీరు వెళ్ళాక నేనలా నవ్వినట్టు నాకు గుర్తులేదు. బ్రేకు వేసి బండి ఆగాక కూడా నవ్వు ఆగలేదు. వెనక్కి వచ్చేసరికి అత్తయ్యగారు గట్టు మీద వెంకన్న బొట్టుతో నిలబడి ఉన్నారు, ఆ రోజు వాడపల్లి గుడి నుంచి తిన్నగా అక్కడికే వచ్చారు. తిడతారనుకున్నాను. “మళ్ళీ ఒకసారి తోలమ్మా. ఇందాక కళ్ళు మూసేసుకున్నాను” అన్నారు. బంగారరాజు గారు రొయ్యల సంగతి ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే సత్తిబాబు కట్టరు పట్టుకుని వచ్చాడు. “పంజరం విప్పి, సీటు ఎనక్కి జరిపేత్తానండి. అయ్యగారొచ్చేలోపు అయిపోద్దండి” అన్నాడు. నేను కరెంటు తక్కువగా ఉందన్నాను. ఆ మర్నాడు వాన అన్నాను. ఆ తరవాత, ఇనుము కోసే డిస్కులన్నీ తీసి బియ్యం డబ్బాలో దాచేశాను. మీరు ఫోను చేస్తే ఎత్తొద్దని సత్తిబాబుకు చెప్పింది నేనే. అసలు కారణం అది.

నాకు సిగ్గుగా ఉంది. అక్కడ మీరు ఎండలో ఎవరెవరి కార్ల కిందో పడుకుని పని చేస్తూ, ఇదొక్కటి మీదని కలగంటున్నారని నాకు తెలుసు. సెలవు కోసం ఓనరు ఎదుట ఎన్నిసార్లు నిలబడ్డారో కూడా తెలుసు. తెలిసీ దాచాను. కోపంగానూ ఉంది. ఇన్నాళ్ళూ ఈ కారు మీద నేను చూపించిన విసుగంతా కాయల గురించీ కరెంటు గురించీ అనుకున్నాను. కాదు. పగలల్లా నా ఒంటి చుట్టూ కట్టిన బండిని, చివరికి లేచి నిలబడి మీకు అప్పగించాలి గనక. ఆ మాట ఫోనులో మీ రూమంతా వింటుండగా ఎలా చెప్పను?

మీరు రండి. ఇంజను శబ్దం విని ఎక్కడ తేడా ఉందో చెప్పడం మీకే తెలుసు, సత్తిబాబుకు రాదు, నాకు రాదు. మీరు లేకుండా ఈ బండి పోటీకి వెళ్ళదు. వచ్చాక సీటు మీకే కావాలంటే డిస్కులు బియ్యం డబ్బాలో అడుగున ఉన్నాయి. తీసుకెళ్ళి మీ చేత్తో మీరే కోయండి. నేను లేవను, అందులోనే కూర్చుని ఉంటాను.

ఇట్లు,
మీ దగ్గర క్లచ్ నేర్చుకున్న
మీ ఇల్లాలు,
పద్మశ్రీ