నీ లిల్లీకి నీళ్లు బంద్ చేసిన

అత్తమ్మా, నువ్వు పోయి ఏడాదైతున్నది. డాబా మీది నీ లిల్లీకి ఆకులు వాడిపోతుంటే పురుగనుకొని నేను వేపనూనె కొట్టిన. మామయ్యేమో దిష్టి అని మిరపకాయలు కట్టిండు. ఎల్బీ నగర్ నర్సరీల ఫోటో చూపిస్తే, గడ్డ తవ్వి చూడుమన్నరు. చూస్తే బూజు పట్టి, కుళ్లి, ఒకటే కంపు! నీళ్లెక్కువైనయంట.

నేను పొద్దున ఒక్క చెంబే పోస్తున్న గదా? ఇంట్ల గట్టిగ అడిగితే బయటపడ్డది. నీ కొడుకు, పైన కిరాయికుండే ఆంటీ, నువ్వున్నప్పుడు పేపర్ల నుంచి తల ఎత్తని మామయ్య గూడ, ఒకరికి తెల్వకుండ ఒకరు పోస్తున్రు!

కుళ్లింది కోసేసి, మందు పొడి అద్ది, కొత్త మట్టిల పెట్టిన. మట్టి ఎండేదాక ఎవ్వరు నీళ్లు పోయొద్దన్న.

ఇయ్యాల పొద్దున మామయ్య కుండీ పక్కన కుర్చీ ఏసుకొని కూసున్నడు.

"మళ్ల నీళ్లు పోసిన్రా?" అని గరమైన.

ఖాళీ చెంబు బోర్లించి చూపించిండు.

"లేదు బిడ్డా, ఉట్టిగనే ముచ్చట పెడుతున్న."