లెక్కకు రాని మూడు దెబ్బలు

కరీంనగర్,
16 నవంబర్ 1997, ఆదివారం.

ఖానాపూర్‌లో కాపురమున్న పెద్దలు, మిత్రులు రాయమల్లన్నకు,

మందమర్రి బొగ్గు బాయి మీద ఒకప్పటి మస్టర్ క్లర్కు సామ్యూల్ రెండు చేతులూ జోడించి రాసుకునేది. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, రిబ్కమ్మా, అమ్మాయి రూతూ ఆరోగ్యంగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, శంకరవ్వా, పిల్లలూ, పొలమూ, గొడ్డూ గోదా అందరూ బాగుండాలని కోరుతున్నాను.

కవరు మీద నా పేరు చూసి చింపి పారేయకుండా ఇక్కడిదాకా చదివావంటే అదే పదివేలు. పేరు రాయకుండా పంపుదామా అని కూడా ఒకసారి అనుకున్నాను. కానీ పద్దెనిమిదేళ్ళు కార్మికుల హాజరు రాసినవాణ్ణి, పేరు లేని కాయితం నా చేతినుంచి పోదు. నీ అడ్రసు మన క్యారం క్లబ్బు సిద్దిరాములు ఇచ్చాడు. పోయిన నెల లక్సెట్టిపేట బస్టాండులో కలిశాడు. నువ్వు బాయి పని వదిలేసి, కాలువ కింద రెండెకరాలు చేసుకుంటున్నావని చెప్పాడు. చలికాలం వస్తే, అన్నేళ్ళు డ్రిల్లు మిషన్ పట్టిన నీ వేళ్ళు తెల్లబడి, తువాల ముడి కూడా వేసుకోలేకపోతున్నావని కూడా చెప్పాడు. ఆ మాట విన్న తర్వాత బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడబుద్ధి కాలేదు.

అసలు సంగతికి వస్తాను. మా రూతు నీకు గుర్తుందో లేదో. క్లబ్బులో క్యారం బల్ల కింద కూర్చుని, కిందపడ్డ కాయిన్లు ఏరి ఇచ్చేది. ఇప్పుడు ఇక్కడ ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతోంది. కంప్యూటర్ అంటే టీవీకి టైపు మిషన్ తగిలించినట్టు ఉంటుంది. అందులో క్యారం ఆట ఒకటి తయారుచేసి ఇమ్మని హైదరాబాద్ కంపెనీవాళ్ళు దీనికి పని ఒప్పజెప్పారు. తెర మీద క్యారం బోర్డు, చుట్టూ నాలుగు బొమ్మ మనుషులు. ఒక బొమ్మను మనం ఆడిస్తాం. మిగతా మూడింటినీ ఆ మిషనే ఆడిస్తుంది.

రూతు ఆరు నెలలు కష్టపడింది. మొదట చేసిన ఆటలో బొమ్మలు ఒక్క కాయినూ వదిలేవి కావు. ఎంత వంకర కోణం నుంచి కొట్టినా నేరుగా గుంటలోకే. నేను రెండు ఆటలు ఆడి లేచి చాయ్ తాగడానికి పోయాను. హైదరాబాద్‌వాళ్ళు కూడా అదే అన్నారట, వీటితో ఎవడు ఆడతాడు, మనుషుల్లా లేవు అని. సరే అని అది పది దెబ్బలకు ఒక దెబ్బ తప్పేటట్టు లెక్క పెట్టింది. అది ఇంకా అన్యాయం. గుంట అంచున కూర్చున్న కాయిన్ దగ్గరా తప్పుతాయి, దూరాన ఆ మూలనున్న కాయిన్ దగ్గరా తప్పుతాయి, రెండూ ఒకే తీరుగా. చూస్తుంటే కల్లు తాగి వచ్చి ఆడుతున్నట్టుంది. పిల్ల తల పట్టుకుని, బాపూ, మనుషులు ఎట్ల తప్పుతరే అని నన్ను అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు ఈ జిల్లాలో నాకంటే బాగా ఎవడికి తెలుసు? మందమర్రి క్లబ్బులో మన బల్ల దగ్గర ఏడేళ్ళు నిలబడ్డవాణ్ణి. దానికి లింగారావు పటేల్ సంగతి చెప్పాను. కష్టమైన దెబ్బ కళ్ళు మూసుకుని కొట్టేవాడు, గెలుపు దగ్గరికి రాగానే మీసం దువ్వుకుని తేలికైనది తప్పేవాడు. సిద్దిరాములు ఆశ సంగతి చెప్పాను. వెనక కవర్ చెయ్యడానికి కాయిన్ లేదని తెలిసీ రెడ్డుకే పోయేవాడు, ఎవడన్నా వద్దంటే, నీకేం ఫికర్ రా అని కసిరేవాడు. రూతు నవ్వుకుంటూ అన్నీ రాసుకుంది. వారం తిరిగేసరికి తెర మీద ఒక బొమ్మ, గెలిచేముందు ఒక్క క్షణం ఆగి, ఎడమ చెయ్యి మూతి దగ్గరికి తీసుకుపోయి, తర్వాత తప్పింది. నిజం చెబుతున్నాను రాయమల్లన్నా, ఆ ఇంగ్లీషు పెట్టె ముందు కూర్చుని పటేలా, పటేలా అని పిలిచాను. ఆయన పోయి నాలుగేళ్ళయింది.

ఆ సాయంత్రాలు నీకు ఎప్పుడన్నా గుర్తుకొస్తాయా? మొదటి షిఫ్టు దిగి మీరంతా నేరుగా క్లబ్బుకే వచ్చేవాళ్ళు. ఎంత కడుక్కున్నా గోళ్ళలో బొగ్గు పోయేది కాదు, తెల్లటి పౌడర్ ఒక ఆట అయ్యేసరికి బూడిద రంగుకు తిరిగేది. శంకరవ్వ పంపిన సర్వపిండి అందరూ తినేసి, నీకు మాత్రం గిన్నె మిగిల్చేవాళ్ళు. మన క్లబ్బులో ఒక పద్ధతి ఉండేది, ఇంకెక్కడా నేను చూడలేదు. బాయిలో డ్రిల్లు కొట్టి వచ్చినవాడికి మొదటి మూడు దెబ్బలు లెక్కకు రావు, తప్పినా మళ్ళీ కొట్టొచ్చు. ఎనిమిది గంటలు ఆ మిషన్ పట్టుకున్న చెయ్యి మిషన్ వదిలినా వణుకుతూనే ఉంటుందని బల్ల దగ్గర అందరికీ తెలుసు. నువ్వు స్ట్రైకర్ పెట్టగానే ఎవడో ఒకడు, చెయ్యి కుదరనియ్యుండ్రి అనేవాడు. మూడు దెబ్బలు అటూఇటూ పోయేవి. నాలుగో దెబ్బ నుంచి నిన్ను ఆపినవాడు లేడు. మనిద్దరం జోడీ కట్టిన ఏడేళ్ళలో ఆ బల్ల మీద ఎన్నిసార్లు ఓడామో వేళ్ళ మీద చెప్పొచ్చు.

రూతు నిన్నూ బొమ్మగా చేసింది. అడిగింది కాబట్టి నీ సంగతి చెప్పాను. వణుకు ఎటువైపు ఉండేది, ఎన్ని దెబ్బలకు కుదిరేది అని గుచ్చిగుచ్చి అడిగింది. అడిగి అడిగి, ఆ డిసెంబరు ఫైనల్ దాకా తీసుకుపోయింది.

ఆ మాట రాయడానికే నాలుగు రోజులు పట్టింది. ఎనభై ఒకటిలో పక్క ఊరి క్లబ్బులో, బాయి కంపెనీ పెట్టిన క్యారం పోటీల ఫైనల్. గెలిచిన జోడీలో బాయి దిగేవాడుంటే పైన నేల మీద పని ఇప్పిస్తామని ఆఫీసర్లు మాటిచ్చిన ఏడాది. నాకు ఎలాగూ పైనే కుర్చీ ఉంది, ఆ పని నీకోసమని జిల్లా అంతా తిరిగి ఆడాం. ఎదుటి జోడీలో నీ బామ్మర్ది హనుమండ్లు. ఫైనల్ రోజుకు నీ షిఫ్టు మార్పించమని నువ్వు అడిగితే, మేనేజరు దొర ఒప్పుకోలేదని నేను చెప్పాను. నువ్వు బాయి నుంచి నేరుగా లారీ ఎక్కి వచ్చావు. అక్కడ మన మూడు దెబ్బల పద్ధతి లేదు. ఆ రోజు నీ చెయ్యి ఎంతకీ కుదరలేదు. చివరికి ఒకే ఒక్క తెల్ల కాయిన్, గుంటకు జానెడు దూరం, ఆరేళ్ళ రూతు కొట్టినా పడేది. నువ్వు తప్పావు.

జనం మధ్యలో నేను లేచి నిలబడి, బామ్మర్దికి పైపని ఇప్పిచ్చేటందుకు ఆట అమ్ముకున్నడు అని అరిచాను. నువ్వు స్ట్రైకర్‌ను తువాలతో తుడిచి నా చేతిలో పెట్టి, నువ్వు గూడ గిట్లంటవనుకోలే సామేలూ అని వెళ్ళిపోయావు. హనుమండ్లుకు పైన ల్యాంపు రూములో పని వచ్చింది. నువ్వు ఇంకో పన్నెండేళ్ళు డ్రిల్లు పట్టుకున్నావు. మళ్ళీ క్లబ్బు గడప తొక్కలేదు. ఆ మచ్చ పోవాలని బామ్మర్ది ఇంటికి పోవడమే మానేశావని, శంకరవ్వ తన తమ్ముని కూతురి పెళ్ళికి కూడా పోలేదని తర్వాత తెలిసింది.

ఇదంతా రూతుకు చెప్పాను. అది రెండు బొమ్మలు చేసింది. రెండూ నువ్వే. ఒకటి కావాలని తప్పేది, రెండోది వణుకు వల్ల తప్పేది. కావాలని తప్పే బొమ్మకు చెయ్యి బాగుంది కాబట్టి ఎప్పటిలాగే గట్టిగా, హాయిగా కొట్టింది. కాయిన్ గుంట పక్కన చెక్కకు తగిలి వెనక్కి వచ్చింది. చూసేవాడికి, అయ్యో, కొంచెంలో పోయింది అనిపిస్తుంది. రెండో బొమ్మకు తన చేతి మీద తనకే నమ్మకం లేదు. మణికట్టు చెక్కకు అదిమిపెట్టి, ఊపిరి బిగబట్టి, మెల్లగా తోసింది. కాయిన్ నేరుగా గుంట వైపే పోయి, వేలెడు దూరంలో ఆగిపోయింది.

అందులో ఆ రోజు జరిగింది ఏది బాపూ అని అడిగింది. నేను రెండో దాన్ని చూపించాను. నీ మణికట్టు మీద చెక్క అంచు అచ్చుపడి ఎర్రగా కమిలింది, స్ట్రైకర్ నా చేతిలో పెట్టినప్పుడు చూశాను. అప్పుడు రూతు, ఓడిపోదామనుకున్నోడు గంత మెల్లగ, పైలంగ ఎందుకు కొడ్తడే బాపూ అంది. ఇరవై రెండేళ్ళ పిల్ల అడిగిన మాట, ఏడేళ్ళు నీతో జోడీ కట్టినవాణ్ణి నేను అడగలేదు.

నువ్వు ఆట అమ్ముకోలేదు, రాయమల్లన్నా. ఈ మాట ఆ రోజు ఎంతమంది ముందు అరిచానో అంతమంది ముందూ చెప్పాలి. సగం మంది లేరు. ఉన్నవాళ్ళకు ఒక్కొక్కరికీ ఉత్తరం రాస్తున్నాను, సిద్దిరాములుకూ, హనుమండ్లుకూ నిన్ననే పోస్టు చేశాను. నన్ను క్షమించమని అడుగుతున్నాను. పదహారేళ్ళు ఆలస్యంగా అడుగుతున్నానని తెలుసు.

ఇంకో మనవి. ఆట వచ్చే నెల హైదరాబాద్ పోతుంది. రూతు నీ బొమ్మకు నీ పేరే పెడతానంటోంది. మొదటి మూడు దెబ్బలు దానికి లెక్కకు రావు, ఆ పద్ధతి కూడా పెట్టింది. నిన్ను అడగకుండా పెట్టొద్దని నేను గట్టిగా చెప్పాను. ఒప్పుకుంటే ఒక కార్డు ముక్క రాయి. నీకు వీలైతే ఒక్క ఆదివారం కరీంనగర్ రా. బస్టాండులో దిగితే నేనే వచ్చి తీసుకుపోతాను. ఆ బొమ్మ కూర్చునే తీరు నీలా ఉందో లేదో నువ్వే చెప్పాలి. నాకైతే అచ్చం నువ్వే అనిపిస్తుంది, కానీ నా చూపు ఇప్పుడు అంత మంచిది కాదు.

శంకరవ్వకు నా నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. రిబ్కమ్మ అందరినీ అడిగినట్టు రాయమంది.

ఇట్లు,
నీ జోడీగాడు అనిపించుకునే హక్కు పోగొట్టుకున్న,
సామ్యూల్.

తా.క.: కవరు అంటించి మళ్ళీ విప్పాను. పైన రాసినదాంట్లో ఒక్క మాట అబద్ధం ఉంది. దొర ఒప్పుకోకపోవడం అనేది జరగలేదు. షిఫ్టు మార్చమని నువ్వు రాసిన కాయితం ఆయన చూడనే లేదు. ఫైనల్‌కు ముందు గురువారం నువ్వు దాన్ని నాకు ఇచ్చావు. చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకు ఆలస్యమవుతోందని అంగీ జేబులో పెట్టుకుని పోయాను. శుక్రవారం ఆ అంగీ తొడుక్కోలేదు. ఫైనల్ రోజు, శనివారం మధ్యాహ్నం, మస్టర్ తెరిస్తే మొదటి షిఫ్టులో నీ పేరు ఎదుట హాజరు పడి ఉంది. అప్పటికి నువ్వు కింద డ్రిల్లు కొడుతున్నావు. లారీ దగ్గర నువ్వు అడిగితే దొర మీదికి తోశాను. ఫైనల్లో నీ కాయిన్ ఆగిపోగానే, ఈ మనిషిని ఇయ్యాల బాయికి ఎందుకు పంపిండ్రు అని ఎవడో ఒకడు అడుగుతాడని నాకు వణుకు పుట్టింది. ఎవడూ అడగకముందే నేను నోరు తెరిచాను. మరిచిపోవడం పొరపాటు, ఎవడైనా మరిచిపోతాడు. అరిచింది మాత్రం పొరపాటు కాదు. నువ్వు అమ్ముకోలేదని నాకు రూతు చెప్పేదాకా తెలియదన్నట్టు పైన రాశాను, అదీ నిజం కాదు. ఆ నిమిషంలోనే తెలుసు. సిద్దిరాములుకూ, హనుమండ్లుకూ రాసిన ఉత్తరాల్లోనూ ఇది రాయలేదు. రూతుకు చెప్పలేదు, రిబ్కమ్మకూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ నాకొక్కడికే తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు. ఈ కాయితం శంకరవ్వకు చదివి వినిపించు. ఆ తర్వాత ఎవరికి చూపిస్తావో నీ ఇష్టం.