గోధుమ చేను అట్ట

ఆదివారం, నేపర్‌విల్, అమెరికా

పక్కింటి ఒక్సానా ఇవాళ టీకి వచ్చింది. ఉక్రెయిన్ మనిషి కదా, సంతోషిస్తుందని చిన్ననాటి సంగతి ఎత్తాను. బడి తెరిచే ముందు నాన్న సోవియట్ పత్రికల నున్నటి కాగితాలతో నా పుస్తకాలన్నిటికీ అట్టలు వేసేవారు. "విప్లవం వచ్చాక అక్కడ ఆకలన్నదే లేదమ్మా" అనేవారు. లెక్కల పుస్తకం మీద ఉక్రెయిన్ గోధుమ చేను, అందులో తలగుడ్డ కట్టుకుని నవ్వే అమ్మాయి. ఆ కాగితం వాసన తలుచుకుంటే ఇప్పటికీ జూన్ నెల వచ్చినట్టే ఉంటుంది.

ఒక్సానా కప్పు కింద పెట్టింది.

"మా అమ్మమ్మ వాళ్లది అలాంటి ఊరే. విప్లవం వచ్చిన పదిహేనేళ్లకి పంటంతా మాస్కో వాళ్లు పట్టుకుపోయారు. ఆవిడ తమ్ముళ్లిద్దరూ తిండిలేక చనిపోయారు. ఇప్పుడు మళ్లీ ఆ నేల కోసమే యుద్ధం" అంది.

ఆమె వెళ్లాక, పక్కనే కూర్చుని అంతా విన్న మా అమ్మాయి మేఘన అడిగింది. "అయితే తాతయ్య చెప్పింది తప్పా, అమ్మా?"

"తాతయ్యకి తెలీదురా" అన్నాను. నిజంగా తెలియదా, తెలిసీ నమ్మబుద్ధి కాలేదా? నాన్న ఉంటే అడిగేదాన్ని. అడిగేదాన్నేనా...

కళ్లు మూసుకుంటే ఆ చేను ఇంకా అందంగానే కనిపిస్తోంది. ఆ అట్ట అంచుల్ని నాన్న అన్నం మెతుకులతో అంటించేవారు.