నాయిక గురించి నా సొంత అభిప్రాయం

సోమవారం, ఉదయం 6:10

నిర్ణయం జరిగిపోయింది! మా అమ్మాయికి కాలేజీలో పాఠంగా ఉన్న పాత నవల నేనూ చదువుతాను. ఆ నాయిక ఎలాంటి మనిషో, తనని తాను ఏమనుకుంటుందో ఆదివారానికల్లా విశ్లేషించి చెప్తాను.

నిన్న భోజనాల దగ్గర అమ్మాయి అననే అంది: "నాన్నా, నీకంటూ ఒక అభిప్రాయం ఉందా అసలు? సెలూన్లో కుర్చీ ఎక్కినవాడు ఏదంటే దానికి తల ఊపుతావు. నువ్వేంటో నాకే తెలీదు."

కత్తెర పట్టినవాడు కస్టమరుతో వాదించకూడదని మా నాన్న నేర్పాడు. అయినా మాట గుచ్చుకుంది. చూపిస్తాను దానికి!

కావలసినవి: కళ్ళజోడు, పెన్సిలు, పౌరుషం. మూడూ ఉన్నాయి.

మధ్యాహ్నం

ఒకాయన తలకు వేసిన రంగు ఆరేలోపు ఇరవై పేజీలు! డాక్టరుతో సంబంధం కుదిరితే నాయిక మందుల పేర్లు వల్లిస్తుంది. అది తప్పిపోయి పాటగాడు దొరికితే పాటలు అందుకుంటుంది. వెన్నెముక లేని మనిషి! ఇదీ నా అభిప్రాయం. అచ్చంగా నాది.

మంగళవారం

లాయరు గారు గడ్డానికి వచ్చారు. నాయిక సంగతి చెప్పాను.

"వెన్నెముక లేకపోవడమేంటయ్యా? మహా గడుసుది. అందర్నీ ఆడిస్తోంది" అన్నారు.

కత్తి ఆయన మెడ మీద, భయం నాకు. "అవునండీ, గడుసుదే" అన్నాను. ఆలోచిస్తే నిజమే అనిపించింది కూడా.

బుధవారం

మందుల షాపాయన: "పాపం, బతకడానికి అలా మారుతోందండీ." అదీ నిజమే!

ఇప్పటిదాకా తేలింది: నాయిక వెన్నెముక లేని, గడుసైన, పాపం మనిషి. మా ఆవిడకి చదివి వినిపించాను. "ఈవిడెవరో నాకు బాగా తెలిసినట్టే ఉందే" అని నా వంక చూసి నవ్వింది. ఎందుకో!

గురువారం

పేజీలు: లేవు. కారణాలు: కరెంటు పోయింది. వచ్చాక జనం. జనం వెళ్ళాక కునుకు. పైగా అక్షరాలు చీమల్లా ఉన్నాయి.

శుక్రవారం, మధ్యాహ్నం

కునుకు తీయకుండా చదివాను! పాటగాడూ వదిలేసి పోయాడు. నాయిక ఒంటరిగా పడవెక్కింది. పక్కన కూర్చున్న పెద్దాయన "నీకేం ఇష్టమమ్మా?" అని అడిగాడు. ఆయనే ముందు ఏదో ఒకటి అంటే బాగుండునని ఆమె ఎదురు చూస్తూ కూర్చుంది.

పుస్తకం మూసేశాను. ఏడుపొచ్చింది. కస్టమరు నోరు విప్పేదాకా బయట ఎండ ఎక్కువో తక్కువో నాకూ తెలియదు.

శనివారం, ఉదయం 11

ఘోరం! అమ్మాయి క్యారియర్ తెచ్చింది. అప్పుడే కుర్చీలో ఉన్న హెడ్మాస్టరు గారు నవల చూసి, "ఓ, ఇదా! ఆ నాయికకి వెన్నెముకే లేదయ్యా" అన్నారు. సోమవారం నేనన్న మాటే.

"కాదండీ" అన్నాను.

నేనేనా అన్నది? "తనకేం ఇష్టమో అప్పటిదాకా ఎవరూ అడగలేదండీ, అంతే" అని కూడా అన్నాను. అమ్మాయి ముఖం వెలిగిపోయింది.

హెడ్మాస్టరు గారు లేచారు. సగం తల కత్తిరించి ఉంది, మెడకి గుడ్డ కట్టి ఉంది. అలాగే వీధిలోకి నడిచారు. మా నాన్న కాలం నుంచి వస్తున్న మనిషి!

11:30

వెంటపడి మలుపు దగ్గర పట్టుకున్నాను. "మీరన్నదే నిజం సార్. అసలు వెన్నెముక లేదు సార్. రండి సార్!"

వచ్చారు. మిగతా సగం కత్తిరించాను. నా వెనకే మలుపు దాకా వచ్చిన అమ్మాయి అంతా వింది. అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆదివారం, సాయంత్రం

షాపు మూయబోతుంటే అమ్మాయి వచ్చి కుర్చీలో కూర్చుంది. "జుట్టు చెవుల దాకా కత్తిరించు నాన్నా. బాగుంటుందా?"

"బాగుం..." నోటిదాకా వచ్చింది. మింగేశాను. "బాగోదమ్మా."

అద్దంలోంచి నన్నే చూసింది. "అమ్మయ్య, ఇది నీ మాట. అయినా కత్తిరించు."

కత్తిరించాను. గుడ్డ విప్పాక చూస్తే ముచ్చటగా ఉంది. "బాగుందే!" అన్నాను.

"నిజంగానా? కుర్చీలో నేనున్నానని అంటున్నావా?"

ఎంత ఆలోచించినా తేలలేదు.

రేపు పొద్దున్నే లేచి నవల మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలుపెడుతున్నాను!