ముట్టుకోని ఇంజన్

తమ్ముడూ,

ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

పాత వెల్డింగ్ మిషన్ కొనబోతే ముందు దాని డీజిల్ ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడమని నీకు పని నేర్పేటప్పుడు నేనే చెప్పాను. అది వేడిగా ఉందంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాదు కాబట్టి అమ్మేవాడు ముందే నడిపి పెట్టాడని అర్థం.

మొన్న నా మిషన్ కొనడానికి వచ్చినప్పుడు చెయ్యి చాచావు. అంతలోనే వెనక్కి తీసుకుని, "నీ మిషన్‌కి పరీక్షేంటన్నా" అన్నావు. నువ్వు రాకముందు దాన్ని నేనే గంటసేపు నడిపి ఉంచాను.

పైపులైను పని దగ్గర పొద్దున్నే అది మొరాయిస్తే నీ జట్టంతా చేతులు కట్టుకుని కూర్చోవాలి. దాన్ని వెనక్కి తెచ్చెయ్యి. నీ డబ్బు ముట్టుకోలేదు.

ఇంకోటి కొనేటప్పుడు, అమ్మేవాడు నాలాంటి అన్నయినా సరే, చెయ్యి పెట్టి చూడు.